అమ్మాన్‌లో అరబిక్ కోర్సు: నా మార్కులు తేతా వంటింటికే

ఏ ఇన్‌స్టిట్యూట్ మంచిది, బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారు, సర్టిఫికెట్‌కి విలువుందా అని జూనియర్లు అడుగుతుంటారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: సాయంత్రం నువ్వు వెళ్లే ఇంట్లో ఇంగ్లిష్ రానివాళ్లు ఎవరైనా ఉన్నారా? దానికి జవాబు తెలీకుండా డబ్బు కట్టకండి.

ఫీజులు, వీసా సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తున్నా. మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, మిర్చి మార్కెట్‌లో దక్కనీ. దక్కనీ నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, నాన్న దుకాణంలో కూర్చుంటే అదే వచ్చేసింది. అరబిక్ కూడా అలాగే వస్తుందన్న ధీమాతో, హైదరాబాద్‌లో ఎం.ఏ. చేస్తూ ఒక సెమిస్టర్ జోర్డాన్ రాజధాని అమ్మాన్ వెళ్లాను. ఇప్పుడు హైదరాబాద్‌కి వైద్యానికి వచ్చే అరబ్ రోగులకు దుబాసీగా పనిచేస్తున్నా. కాబట్టి ఇది కోర్సు అయిన వెంటనే ఉత్సాహంలో రాస్తున్నది కాదు.

ఒకప్పుడు అరబిక్ కోసం డమాస్కస్ వెళ్లేవాళ్లు. 2011 తర్వాత సిరియా పరిస్థితి చెడి ఆ గిరాకీ చాలావరకు అమ్మాన్‌కి మళ్లింది. నేనూ ఆ వరసలో వెళ్లినదాన్నే. చేరిన రోజే ఒక కాగితం మీద సంతకం పెట్టించారు, అరబిక్ తప్ప ఇంకో భాష మాట్లాడబోమని. అమెరికాలో మిడిల్‌బరీ కాలేజీ వేసవి కోర్సులు ఇలాంటి ప్రమాణానికే పేరుపడ్డాయి. మా బ్యాచ్‌లో ఆ ప్రమాణం క్యాంటీన్ గుమ్మం దాటలేదు. అందరం విదేశీయులమే, ఆకలేస్తే ఇంగ్లిషే వస్తుంది.

ఇక హోంస్టే కోసం నన్ను పెట్టిన మొదటి ఇల్లు. మనుషులు బంగారం. కానీ ఇద్దరు ఆడపిల్లలకూ తౌజీహి, అంటే మన ఇంటర్ లాంటి పరీక్ష, నెత్తిమీద ఉంది. రోజూ భోజనం కాగానే ఇంగ్లిష్ పుస్తకాలు పట్టుకుని నా గదికి వచ్చేవాళ్లు. నేను అరబిక్‌లో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబు. డబ్బు కట్టి మరీ ట్యూషన్ చెప్తున్నట్టు అనిపించేది. ఆఫీసులో చెప్తే ‘చాలా మంచి కుటుంబం కదా’ అన్నారు. నేనెప్పుడు కాదన్నాను? చివరికి రాతపూర్వకంగా అడిగితే గానీ ఇల్లు మార్చలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

రెండో ఇంట్లో తేతా ఉండేది. అక్కడ అమ్మమ్మైనా నానమ్మైనా తేతానే. ఆవిడకి అరబిక్ తప్ప ఇంకో ముక్క రాదు. పగలు కూతురు ఉద్యోగానికి పోతే ఇంట్లో మేమిద్దరమే. కూసా అనే చిన్న చిన్న గుమ్మడి జాతి కాయలు ఒళ్లో పెట్టుకుని, సన్నటి గొట్టం లాంటి చాకు తిప్పుతూ, తొక్క చిట్లకుండా లోపలి గుజ్జంతా లాగేసేది. తర్వాత బియ్యం, ఖీమా కూరడం. నా చేతిలో పడ్డ కాయలన్నీ చిల్లులే. ఆ చిల్లులకి పడ్డ తిట్లు ఏ క్లాసులోనూ దొరకవు.

అమ్మాన్‌లో కుళాయి నీళ్లు మామూలుగా వారానికోసారే వదులుతారు. మేడ మీది ట్యాంకుల్లో పట్టుకుని వారమంతా సర్దుకోవాలి. బాబ్లీ గేట్ల గొడవ వింటూ పెరిగినదాన్ని, నాకిది వింతేం కాదు. ఒకరోజు పొద్దున లేచేసరికి చుక్క నీళ్లు లేవు. బాత్రూం ఫ్లష్ పాడై రాత్రంతా కారిపోయింది. మళ్లీ నీళ్ల రోజు దూరంగా ఉంది. తేతా ఫోన్ నా చేతిలో పెట్టి ట్యాంకర్‌వాణ్ని పిలవమంది.

నాకొచ్చింది ఫుస్‌హా, పుస్తకాల్లోనూ వార్తల్లోనూ ఉండే అరబిక్. మా పాఠాల్లో ఐక్యరాజ్యసమితి మొదటి వారంలోనే వచ్చింది, నీళ్ల ట్యాంకర్ చివరిదాకా రాలేదు. విభక్తులతో సహా అప్పజెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత నవ్వు. ‘ఇంకోసారి చెప్పమ్మా, మావాడు కూడా వింటాడు’ అన్నాడు. వార్తలు చదివేదానివా అని అడిగాడు. పక్కన తేతా ఒక్కో మాటా వీధి భాషలో అందిస్తోంది, నేను అంటున్నాను. ఎన్ని ఘనపు మీటర్లు కావాలి? ఎన్నో అంతస్తు, పైపు అందుతుందా? ఏ మసీదు దాటాక ఏ సందు? ధర దగ్గర తేతా ఆగమని చెయ్యి చూపించి, ‘ఇంట్లో ముసలిదుందని చెప్పు’ అంది. చెప్పాను. తగ్గించాడు. వచ్చాక పైపు బిగిస్తూ కిందనుంచి ‘వార్తలమ్మాయి ఏదీ?’ అని కేకేశాడు. నేను బాల్కనీలోకి వెళ్లి తేతా నేర్పిన మాటల్లోనే బదులిస్తే సందంతా నవ్వింది. ఆ తర్వాత గ్యాస్ సిలిండర్, ప్లంబర్, పక్కింటావిడతో పేచీ, అన్నీ నాకే అప్పజెప్పింది.

తిరిగొచ్చిన కొత్తలో కనబడిన ప్రతివాళ్లకీ అమ్మాన్ వెళ్లమని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. నా దగ్గరికి వచ్చే రోగుల్లో ఒమన్, యెమెన్, సూడాన్ వాళ్లే ఎక్కువ. నా అమ్మాన్ మాటలు వాళ్లకి తెలుస్తాయి, వాళ్లవి నాకు తెలియడానికి చాలా టైం పట్టింది. ఎక్కడ నొప్పో చెప్పే సూడాన్ ముసలమ్మ దగ్గర తేతా భాష సగమే అక్కరకొచ్చింది. ఆస్పత్రి ఉద్యోగమే లక్ష్యమైతే ఒమన్‌లో మనా అనే ఊళ్లో ప్రభుత్వం నడిపే అరబిక్ కాలేజీ కూడా చూడండి. ఇంకోటి, అప్పట్లో విసుక్కున్న వ్యాకరణం క్లాసులే ఇవాళ రిపోర్టు అరబిక్‌లో రాసిచ్చేటప్పుడు నా పరువు కాపాడుతున్నాయి. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకే అరబిక్‌కి 2200 క్లాసు గంటలు లెక్కేసింది. ఒక్క సెమిస్టర్‌తో అయిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

నేను ఆడపిల్లని కాబట్టి తేతా వంటింట్లోకి రానిచ్చారు. మగపిల్లల్ని ఇంట్లో ఉంచుకునే కుటుంబాలు తక్కువ, ఉంచుకున్నా ముందు గది దాటనివ్వరు. మా తమ్ముడు ఇప్పుడు కైరో అంటున్నాడు. వాడికి చెప్పిందల్లా ఇదే: హోంస్టే దొరక్కపోతే ఫ్లాట్‌లో ఈజిప్టు కుర్రాణ్ని రూమ్మేట్‌గా చూసుకో, వాడికి ఇంగ్లిష్ సరదా ఉందో లేదో ముందే కనుక్కో.