జాగ్రత్త: ‘టైగర్‌మిల్క్ 1996 ఒరిజినల్’ అని చెప్పి నాకు అంటగట్టింది ఇదీ

పేరు రాయను, లాయర్ నోటీసు పంపిస్తానని ఇప్పటికే బెదిరించాడు. గ్లాస్గోలో కూర్చుని స్కాటిష్ ఇండీ బ్యాండ్ల ఎల్పీ రికార్డులు అమ్ముతుంటాడే, ప్రతి ప్రకటన కింద ‘నిజమైన అభిమానులకు మాత్రమే’ అని తగిలిస్తాడే, ఆయనగారే. గ్లాస్గో బ్యాండ్ బెల్ అండ్ సెబాస్టియన్ రికార్డులు కొనేవాళ్లలో సగం మందికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మిగతా సగం ఆయనకి డబ్బు పంపకముందే ఇది చదవండి.

ఈ బ్యాండ్ మొదటి ఆల్బం టైగర్‌మిల్క్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 1996లో స్టో కాలేజీ మ్యూజిక్ బిజినెస్ కోర్సు విద్యార్థులు వాళ్ల ఎలక్ట్రిక్ హనీ అనే సొంత రికార్డు కంపెనీ పేరుతో వేసినవి వెయ్యి కాపీలు. 1999లో జీప్‌స్టర్ అనే రికార్డు కంపెనీ వాళ్లు మళ్లీ వేసేదాకా ఆ వెయ్యే దిక్కు. ఇప్పుడు ఆ కాలేజీ పేరు కూడా లేదు, 2013లో గ్లాస్గో కెల్విన్ కాలేజీలో కలిపేశారు. పాటలు రెండింట్లోనూ అవే. అట్ట మీద బొమ్మ పులికి పాలిస్తున్న అమ్మాయి ఫొటో కూడా అదే. వినడానికి 1999ది చాలు, నా దగ్గర ఎప్పటినుంచో ఉంది. కానీ నాకు కావలసింది ఆ వెయ్యిలో ఒకటి. ఎందుకు అని మీరూ అడక్కండి, ఆ ప్రశ్న అడగడానికి ఇంట్లో వేరే మనుషులున్నారు.

ప్రకటనలో ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి. అట్ట ముందూ వెనకా, అంచుల అరుగుదల, డిస్క్ మధ్యలో అంటించిన ఎలక్ట్రిక్ హనీ లేబుల్ దగ్గరనుంచి. ధర ఎంతో రాయను, అబర్దీన్‌లో మా నెల ఇంటద్దె అంత అనుకోండి. నేనే వచ్చి తీసుకుంటానంటే ఊళ్లో ఉండనన్నాడు. సరే అని మెసేజీలు మొదలుపెట్టాం. ఎంత తియ్యగా మాట్లాడాడండీ! 1996లో ఆ కోర్సు కుర్రాడి చేతిమీదుగానే కొన్నాడట. అప్పటినుంచి సూది పెట్టిందే తక్కువట. ఇలాంటిది అర్థం చేసుకునే మనిషి చేతికే వెళ్లాలని ఇన్నేళ్లూ దాచాడట. 1999 ఏప్రిల్‌లో క్యాంబర్ శాండ్స్‌లో బ్యాండ్ వాళ్లు పెట్టిన బోలీ వీకెండర్ అనే సంగీతోత్సవం పోస్టర్ కూడా ఊరికే పెడతానన్నాడు. నాకూ నోరు ఊరుకోలేదు, నా కలెక్షన్ అంతా ఏకరువు పెట్టేశాను. 1997లో వచ్చిన మూడు ఈపీలూ (కొన్ని పాటలుండే చిన్న రికార్డులు) ఉన్నాయనీ, టైగర్‌మిల్క్ జీప్‌స్టర్ ఎల్పీ ఉందనీ, ఇక ఇదొక్కటే వెలితనీ. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

డబ్బు పేమెంట్ యాప్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద, అంటే సొంతవాళ్లకు పంపే పద్ధతిలో పంపమన్నాడు, కమిషన్ మిగులుతుందని. పంపాను. మరి ఫ్రెండే కదా!

పార్సిల్ వచ్చింది. అట్ట పాతదే, ఫొటోల్లోదే. డిస్క్ బయటికి తీస్తే లేబుల్ మీద జీప్‌స్టర్ అని ఉంది. రెండో వైపు తిప్పాను, అక్కడా జీప్‌స్టరే. పాత అట్టలో 1999 డిస్క్ దూర్చి పంపాడు. ఊరికే ఇచ్చిన పోస్టర్ కలర్ జిరాక్స్. ఒక మూల ప్రింటర్ గీత అడ్డంగా పడి ఉంది, కనీసం అది కూడా కత్తిరించలేదు.

పొరపాటున మారిపోయి ఉంటుందని, చాలా మర్యాదగానే ఫోన్ చేశాను. విషయం చెప్పగానే రెండు క్షణాలు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట: “నీ దగ్గర జీప్‌స్టర్ కాపీ ఉందని నువ్వే చెప్పావుగా. నాది ఉంచేసుకుని, నీది చూపించి డబ్బు అడుగుతున్నావా?”

నాకు నోట మాట రాలేదు. దొంగే ‘దొంగ, దొంగ’ అని అరవడం వినడమే గానీ, ఫోన్లో ఇంత నింపాదిగా అంటుంటే వినడం ఇదే మొదలు. నా జీప్‌స్టర్ కాపీ షెల్ఫులోనే ఉంది, కావాలంటే రెండూ పక్కపక్కన పెట్టి ఇప్పుడే వీడియో కాల్ చేస్తానన్నాను. “అలాంటివి రెండేం, పది కొనుక్కోవచ్చు, షాపుల్లో దొరుకుతాయి” అన్నాడు. అప్పుడు వెనక ఎవరో నవ్వారు. స్పీకర్‌లో పెట్టాడన్నమాట! నేను బతిమాలుతుంటే పక్కన మనిషిని కూర్చోబెట్టుకుని వినిపిస్తున్నాడు. చివర్లో ఒక సలహా కూడా: “మీ దేశం పాటలు ఏవైనా కొనుక్కోరాదూ, వాటిలో అయితే నీకు తేడా తెలుస్తుంది.”

డబ్బు పోయినదానికన్నా ఆ నవ్వు దగ్గరే ఒళ్లు మండుతోంది. ఇష్టంగా చెప్పుకున్న కబుర్లలోంచి ఒక వాక్యం ఏరి పెట్టుకుని, అవసరమైనప్పుడు తీసి నా మీదికే విసిరాడు. ఈ బ్యాండ్ అభిమానులు మెతక మనుషులు, కార్డిగన్లు వేసుకుని సిగ్గుపడుతూ మాట్లాడతారు అని జోకులేస్తుంటారు కదా. ఆ మెతకదనమే ఆయన వ్యాపారం. గొడవ పెట్టుకోరు, సిగ్గుపడి నోరు మూసుకుంటారు అని లెక్క.

డబ్బు వెనక్కి రాలేదు. ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద వెళ్లినదానికి కొనుగోలు రక్షణ వర్తించదని ఆ యాప్ వాళ్లనుంచి జవాబొచ్చింది. అది నియమమే, వాళ్లననడానికేం లేదు. స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లు ఇలాంటివి 101కి ఫోన్ చేసి పోలీసులకే చెప్పాలి. చెప్పాను, రిఫరెన్స్ నంబర్ ఇచ్చారు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం వేరే ఉంది. ఈ పొద్దున్న అదే ప్రకటన మళ్లీ ప్రత్యక్షమైంది. అవే ఫొటోలు, లేబుల్ ఫొటోలో అంచున కనిపించే అదే బొటనవేలు. ధర మాత్రం పెంచాడు. నేను డిస్క్ మార్చి ఆ ఒరిజినల్ నా దగ్గరే ఉంచేసుకుంటే, మరి ఈయన మళ్లీ అమ్ముతున్నదేమిటో? ఆ పేజీ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి పోలీసులకు పంపాను.

ఎవరి దగ్గర కొన్నా సరే, లేబులూ, దాని చుట్టూ నునుపు పట్టీలో చెక్కిన నంబరూ కనపడేలా, పక్కన ఆ రోజు తేదీ రాసిన కాగితం పెట్టి ఫొటో అడగండి. తప్పించుకుంటే వదిలేయండి. పార్సిల్ విప్పేటప్పుడు మొదటినుంచీ వీడియో తీయండి. మీ దగ్గర ఏమేం ఉన్నాయో అమ్మేవాడికి చెప్పకండి. ఆ ప్రకటన చూసి ఇప్పటికే డబ్బు పంపినవాళ్లు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, నా స్క్రీన్‌షాట్లన్నీ ఇస్తాను, ఇద్దరం కలిసి చెబితే కేసు కాస్త కదులుతుంది.