చర్చిల్ "బీచ్‌ల్లో పోరాడతాం" వర్సెస్ రూజ్‌వెల్ట్ పెర్ల్ హార్బర్ స్పీచ్

రెండిట్లోనూ ఒకే మాటని పదే పదే చెప్పే టెక్నిక్కే ఉంది, కానీ దాన్ని వాడిన తీరు మాత్రం పూర్తిగా వేరు.

అమెరికా ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్, అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిన మర్నాడు, 1941 డిసెంబర్ 8న కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ముందు మాట్లాడింది సుమారు ఏడు నిమిషాలే. పర్పస్ ఒక్కటే, జపాన్ మీద యుద్ధం ప్రకటించమని అడగడం. అందుకే టోన్ కోర్టులో లాయర్ వాదించినట్టు ఉంటుంది. నిన్న రాత్రి హాంకాంగ్ మీద దాడి చేశారు, నిన్న రాత్రి గువామ్ మీద దాడి చేశారు, నిన్న రాత్రి ఫిలిప్పీన్స్ మీద... అలా వరసగా పొడి పొడి వాక్యాలు, విశేషణాలు లేవు, లిస్టే కోపం తెప్పిస్తుంది.

బ్రిటన్ ప్రధాని చర్చిల్ పని దీనికంటే చాలా కష్టం అనిపిస్తుంది నాకు. 1940 జూన్ 4, జర్మన్ సైన్యం చుట్టుముట్టిన ఫ్రాన్స్ తీర పట్టణం డన్‌కర్క్ నుంచి 3 లక్షల 30 వేల మందికి పైగా సైనికులు బయటపడ్డారని జనం సంబరపడుతున్నారు, తరలింపులతో యుద్ధాలు గెలవలేం అని ఆ సంబరం మీద నీళ్లు చల్లాలి, మళ్లీ ధైర్యమూ పొయ్యాలి. ఆ చివరి లిస్టు ఒకసారి జాగ్రత్తగా చూడండి, ఫ్రాన్స్‌లో పోరాడతాం, సముద్రాల మీద, గాల్లో, బీచ్‌ల్లో, పొలాల్లో, వీధుల్లో, కొండల్లో అంటూ వెళ్తాడు, అంటే యుద్ధం అడుగడుగునా ఇంటి గుమ్మం దాకా వచ్చేస్తోంది, ఓడిపోతూ వెనక్కి జరగడం ఎలా ఉంటుందో చెప్తూనే "లొంగిపోం" అంటున్నాడు!

రూజ్‌వెల్ట్‌ది రేడియోలో లైవ్‌గా వెళ్లింది, గంటలోపే ఓటింగ్ అయిపోయింది. ఎఫెక్ట్ పరంగా అదే సూపర్. స్పీచ్‌గా మాత్రం నా ఓటు చర్చిల్‌కే.