మొక్కజొన్నలో వెడల్పాకు కలుపుకి, గట్టు మీద కంపకి 2,4-డి: చాలా సీజన్లు వాడాక నా రివ్యూ

మొక్కజొన్నలో వెడల్పాకు కలుపుకి 2,4-డి అనే కలుపు మందుని అమైన్ సాల్ట్ రూపంలో చాలా సీజన్ల నుంచి వాడుతున్నా, పైరు లోపలా, గట్ల మీదా, కంచె వెంబడి పెరిగే కంప మీదా కూడా. ముందే చెప్పేస్తా, పైరు లోపల ఈ మందుకి నేను 5కి 4.5 ఇస్తా, గట్టు మీద ముదిరిన కంపకి మాత్రం 2 కన్నా ఎక్కువ ఇవ్వను. ఒకే డబ్బాలోంచి తీసిన మందుకి రెండు చోట్ల ఇంత తేడా ఎందుకొస్తుందో తెలిస్తే దీన్ని ఎప్పుడు కొనాలో ఎప్పుడు వద్దో మీకే అర్థమవుతుంది.

ఇది 1940ల నాటి మందు, ఇంతకాలమైనా ఇంకా పొలాల్లో నిలబడి ఉందంటే ఊరికే కాదు. మొక్కల్లో పెరుగుదలని నడిపించే ఆక్సిన్ అనే హార్మోన్ ఉంటుంది కదా, ఇది దానికి నకలు, కాకపోతే మొక్క తన సొంత ఆక్సిన్‌ని అదుపు చేసుకున్నట్టు దీన్ని చేసుకోలేదు, అందుకే మందు పడ్డాక పెరుగుదల అడ్డదిడ్డమైపోయి కాడలు మెలితిరుగుతాయి, ఆకుల అంచులు ముడుచుకుంటాయి, కాండం అక్కడక్కడా ఉబ్బి పగులుతుంది. మొక్కజొన్న గడ్డిజాతి కాబట్టి మందుని తన లోపలే వేగంగా మార్చేసి పనికిరాకుండా చేసుకుంటుంది, అందుకే తట్టుకుంటుంది. తట్టుకుంటుంది అన్నానే గానీ అసలేమీ కాదు అనలేదు, ఆ సంగతి కింద చెప్తా.

మెలితిరగడం కొన్ని గంటల్లోనే మొదలవుతుంది, లేదంటే మర్నాటికి కనిపిస్తుంది, కానీ పూర్తిగా చావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. చాలామంది వారం చూసి ఇంకా పచ్చగానే ఉందని మళ్ళీ కొట్టేస్తుంటారు, అలా చేయొద్దు, కలుపు ఎలాగూ చచ్చే దారిలోనే ఉంది, రెండో డోసు భారమంతా పైరు మీదే పడుతుంది.

నా అనుభవంలో ఈ మందు పని చేసిందా లేదా అన్నది తేల్చేది డోసు కాదు, టైము. తోటకూర జాతి కలుపు, గలిజేరు, వయ్యారిభామ, తీగ కలుపు ఇవన్నీ రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు కొడితే తుడిచిపెట్టుకుపోతాయి, అదే మోకాలెత్తు వచ్చాక కొడితే తల వంచుకుని కొన్నాళ్ళు పడి ఉండి కింద కణుపుల నుంచి మళ్ళీ చిగుళ్ళేస్తాయి. అప్పుడు అందరికీ వచ్చే ఆలోచన డోసు పెంచుదామని. హెక్టారుకి అర కేజీ అసలు మందు, అంటే 58 శాతం అమైన్ అయితే సుమారు 860 మిల్లీలీటర్లు, మొక్కజొన్నకి ఆ మాత్రం చాలు, మీ డబ్బా మీద లేబుల్ ఇంకోలా చెప్తే అదే ఫైనల్. దీనికి రెట్టింపు వేస్తే ఆకు త్వరగా మాడిపోతుంది, చూడ్డానికి భలే పనిచేసినట్టుంటుంది, కానీ ఆకు మాడిపోయాక మందు వేరుకి దిగే దారే ఉండదు. వేరుతో బతికే మొండి కలుపు మీద డోసు పెంచితే ఫలితం తగ్గేది అందుకే.

ఇక పైరు వయసు. మొక్కజొన్న సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తు లోపు ఉంటే పైనుంచి కొట్టొచ్చు. అది దాటితే మందు సుడిలో, అంటే మొక్క నడిమి ఆకుల గరాటులో పడకుండా నాజిల్ కిందకి దించి చాళ్ళ మధ్యలోనే కొట్టాలి. జల్లు, అంటే మొక్క తల మీద మగపూత, రావడానికి ముందు నుంచి గింజ పిండి దశ దాటేదాకా దీని జోలికే వెళ్ళకూడదు, గింజ కట్టడం దెబ్బతింటుంది. లేటుగా కొడితే పైరులో ఏమవుతుందంటే, కొత్త ఆకులు విచ్చుకోకుండా ఉల్లికాడల్లా చుట్టుకుపోయి నిలబడతాయి, మొదలు దగ్గర ఊతవేర్లు ఒకదానికొకటి అతుక్కుని వంకరగా వస్తాయి, కాండం పెళుసైపోతుంది. ఈ పెళుసుతనం వారం పది రోజులుంటుంది, ఆ టైములో గట్టి గాలి వచ్చినా, గుంటక తోలినా, మట్టి ఎగదోసినా మొక్కలు పటుక్కున విరుగుతాయి. అందుకే అంతరకృషి ఉంటే ముందే చేసుకోండి, లేదా మందు కొట్టాక రెండు వారాలు ఆగండి. ఇంకో మాట, అన్ని హైబ్రిడ్లూ ఒకేలా తట్టుకోవు, విత్తనోత్పత్తికి వేసే తల్లిదండ్రి లైన్లు, స్వీట్ కార్న్ ఇవి ఇంకా సున్నితం, వాటి మీద నేనైతే కొట్టను.

ఎండ 30 డిగ్రీలు దాటి నేలలో తేమ కూడా ఎక్కువుండి పైరు వేగంగా పెరుగుతుంటే మొక్కజొన్నకి దెబ్బ ఎక్కువ తగులుతుంది. అలాగని నీటి ఎద్దడిలో వాడిపోయి ఉన్న కలుపు మీద కొట్టినా దండగే, అది మందుని లోపలికి తీసుకోదు. నేల పదునుగా ఉండి కలుపు చురుగ్గా పెరుగుతున్నప్పుడు, పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరక ముందు, ఇదే నాకు కుదిరిన టైము. అమైన్ కొట్టాక కనీసం ఆరేడు గంటలు వాన పడకూడదు.

2,4-డి అమైన్ రూపంలోనే కాదు, ఎస్టర్ రూపంలో కూడా వస్తుంది, ఎస్టర్ వాడాలా అమైన్ వాడాలా అని చాలామంది అడుగుతారు. ఎస్టర్ మైనం పూత ఉన్న ఆకుల్లోకి బాగా దిగుతుంది, వానకి కూడా త్వరగా ఓర్చుకుంటుంది, పని పరంగా అదే చురుకు. కానీ అది ఆవిరవుతుంది. కొట్టేటప్పుడు గాలి లేకపోయినా, తర్వాత ఎండెక్కినప్పుడు ఆవిరి లేచి పక్క పొలానికి పోతుంది. చుట్టుపక్కల పత్తి, మిరప, టమాటా, ద్రాక్ష, పొద్దుతిరుగుడు, పప్పుజాతి పైర్లు ఏవున్నా ఎస్టర్ అస్సలు వద్దు. పత్తి అయితే మరీ, మనకి కంటికి కనపడనంత మందు పడినా ఆకులు వేళ్ళలా సన్నగా చీలి సాగిపోతాయి, ఎవరు చూసినా గుర్తుపట్టేంతగా. పక్క రైతు కష్టమంతా మన తుంపర్లతో పోతే దానికి ఏ మాటా సరిపోదు, నేను ఈ మందు గురించి అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. మొక్కజొన్నలో కంది, బొబ్బర లాంటి అంతరపంట ఉంటే 2,4-డి ఏ రూపంలోనూ వద్దు, అవి వెడల్పాకులే కదా.

అమైన్ ఆవిరి తక్కువే గానీ తుంపర ఎగరడం మాత్రం ఏ రూపమైనా ఒకటే. గంటకి 5 నుంచి 15 కిలోమీటర్ల లోపు గాలి, అదీ సున్నితమైన పైరు వైపు వీచనప్పుడు కొట్టాలి. అసలు గాలే లేదు, ఆకు కదలట్లేదు, ఇదే మంచి టైము అనుకుంటారు గానీ అది ఇంకా ప్రమాదం. సాయంత్రం పొద్దుగూకాక, తెల్లవారుజామున నేల దగ్గర చల్లగాలి, పైన వేడిగాలి ఉండి సన్న తుంపరలు కిందకి దిగకుండా అలాగే పొరలా తేలుతూ ఎంతో దూరం పోతాయి. పొగ పైకి లేవకుండా అడ్డంగా పరుచుకుంటుంటే ఆ రోజు పని ఆపేయడమే. ప్రెషర్ తగ్గించి పెద్ద చుక్కలు వచ్చే నాజిల్ వాడండి, నాజిళ్ళు బిగించిన బూమ్ గొట్టం కిందకి పెట్టుకోండి.

స్ప్రేయర్ గురించి. 2,4-డికి విడిగా ఒక ట్యాంకు పెట్టుకోవడం నాకు అన్నిటికన్నా ప్రశాంతమైన ఏర్పాటు. ఇది ప్లాస్టిక్‌కి, రబ్బరు పైపుకి, వాషర్లకి పట్టుకుని ఉంటుంది, మామూలు నీళ్ళతో ఒక కడుగు కడిగి అదే పంపుతో పత్తికో మిరపకో పురుగు మందు కొడితే తెగులు వచ్చిందేమో అని కంగారు పడేలా ఆకులు ముడుచుకుపోతాయి. విడిగా పెట్టుకోవడం కుదరకపోతే నీళ్ళతో కడిగి, తర్వాత ఇంట్లో వాడే అమ్మోనియా 1 శాతం ద్రావణం నింపి, పైపులోకీ నాజిల్‌లోకీ ఎక్కించి రాత్రంతా ఉంచి, మర్నాడు మళ్ళీ రెండు మూడు సార్లు శుభ్రమైన నీళ్ళతో కడగాలి, నాజిల్, ఫిల్టర్ విప్పి విడిగా. పని ఎక్కువే కానీ తప్పదు.

నీళ్ళు కూడా చూసుకోండి. బోరు నీళ్ళు చవుడుగా కాల్షియం మెగ్నీషియం ఎక్కువుంటే అమైన్ వాటితో కలిసి పనితనం తగ్గుతుంది, ఒక్కోసారి అడుగున తెల్లటి ముద్ద కట్టి నాజిల్ మూసుకుపోతుంది. ముందు అమ్మోనియం సల్ఫేట్ కలిపి కరిగాక మందు పోస్తే బాగుంటుంది. వేరే మందుతో కలపాలంటే ముందు ఒక గాజు సీసాలో కొంచెం కలిపి అరగంట ఉంచి చూడండి.

ఇప్పుడు కంప. గట్టు మీద మొలకలుగా ఉన్న తుమ్మ, లాంటానా, రేగు లాంటివి దీనితో పోతాయి. కానీ వేరు దిగి, కాండం చెక్కబారిన మొక్క మీద ఆకుల మీద పడేలా కొడితే ఆకులన్నీ రాలిపోయి గట్టు శుభ్రంగా కనిపిస్తుంది, వచ్చే వానలకి మొదలు నుంచి ఒకటికి నాలుగు కొమ్మలు లేస్తాయి. వేరులో దాచుకున్న ఆహారం అంత ఉంటుంది మరి. పైగా ఎత్తైన కంప తలదాకా అందాలని నాజిల్ పైకెత్తి కొడతాం, తుంపర ఎగిరేది సరిగ్గా అప్పుడే. ముదిరిన కంపకి ట్రైక్లోపిర్ చాలా మెరుగు, అది కూడా ఆక్సిన్ తరహాదే కానీ చెక్క మొక్కల మీద పట్టు ఎక్కువ. లేదంటే నేల దాకా నరికి, నరికిన వెంటనే ఆ పచ్చి మొద్దు అంచు చుట్టూ, బెరడు లోపలి వైపు, కుంచెతో మందు పూయాలి, గంటల తరబడి ఆలస్యం చేస్తే కోత ఆరిపోయి లాగదు. ఇది నెమ్మది పని, కానీ తుంపర ప్రశ్నే లేదు, పైరు పక్కనే ఉన్న కంపకి నాకు నచ్చిన పద్ధతి ఇదే. గ్లైఫోసేట్ కంప మీద బాగానే పనిచేస్తుంది గానీ దాన్ని తట్టుకునేలా చేసిన రకం కాని మొక్కజొన్న మీద నాలుగు చుక్కలు పడ్డా పైరు పోతుంది, గట్టు వరసల పక్కన ఆ రిస్క్ ఎందుకు.

దీనికి లొంగనివీ చెప్పాలి. గడ్డి జాతి ఏదీ చావదు, ఊద, గరిక మీద కొట్టి మందు పనిచేయలేదంటే అది మందు తప్పు కాదు. తుంగ పైన కొంచెం మాడుతుంది, గడ్డ బతికే ఉంటుంది, దానికి హాలోసల్ఫ్యూరాన్ చూసుకోవాలి. గడ్డి, వెడల్పాకు రెండూ కలిసి మొలిచే పొలమైతే విత్తిన వెంటనే, అనుమతి ఉన్న చోట, అట్రజిన్, లేదంటే మొలిచాక టెంబోట్రయోన్ తరహావి ఎక్కువ ఉపయోగం. ఏటా 2,4-డి ఒక్కదాన్నే నమ్ముకుంటే మొండికేసే కలుపు మిగులుతుంది, 1957లోనే హవాయి చెరకు తోటల్లో వెన్నదేవికూర జాతి కలుపు దీనికి లొంగడం మానేసింది.

ఆరోగ్యం విషయం. వియత్నాం యుద్ధంలో అమెరికా చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌లో సగం ఇదే కదా అని కొందరు భయపడతారు, నిజమే, కానీ అక్కడ డయాక్సిన్ విషం ప్రధానంగా వచ్చింది అందులో కలిపిన 2,4,5-టి నుంచి. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో 2,4-డిని 2బి గ్రూపులో, అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు అనే వర్గంలో పెట్టింది. అంతకన్నా దగ్గరి ప్రమాదం కళ్ళకి, చిక్కటి అమైన్ మందు కంట్లో పడితే కోలుకోలేని నష్టం జరగొచ్చు. మందు కొలిచి పోసేటప్పుడు కళ్ళద్దాలు, రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి, కొట్టేటప్పుడు కన్నా కలిపేటప్పుడే ఎక్కువ జాగ్రత్త.

పశువులున్నవాళ్ళు ఇది కూడా చూసుకోండి, మందు పడి వాడుతున్న కలుపు కొన్నిసార్లు పశువులకి మామూలుకన్నా రుచిగా అనిపిస్తుంది, తోటకూర జాతి మొక్కల్లో నైట్రేట్ కూడా పెరగొచ్చు, మామూలుగా ముట్టని విషపు మొక్కల్ని కూడా తినేస్తాయి. లేబుల్ మీద మేతకి రాసిన గడువు అయ్యేదాకా ఆ గట్ల వైపు తోలకండి, కోసిన కలుపు కూడా వాటి ముందు వేయకండి.