సెక్యూరిటీలో తొలి ఉద్యోగం: కన్సల్టింగా, కంపెనీ సొంత టీమా?

పండక్కి భీమవరం వచ్చిన ప్రతిసారీ ఇదే ప్రశ్న. ఈ సంక్రాంతికి మూడు రోజుల్లో నలుగురు అడిగారు. ఇద్దరు ఇక్కడే ఇంజినీరింగ్ ఫైనలియర్ చదువుతున్నారు. ఒకమ్మాయి తణుకు నుంచి ఫోన్ చేసింది. ఇంకొకాయన కొడుకు కోసం అడిగారు: "మావాడు సైబర్ సెక్యూరిటీ అంటున్నాడండీ. కన్సల్టింగ్ కంపెనీలో చేరితే మంచిదా, బ్యాంకు లాంటి చోట వాళ్ల సొంత టీమ్‌లో చేరితే మంచిదా?" నేను రెండూ చేశాను. 2019 నుంచి ఐదేళ్లు హైదరాబాద్‌లో ఒక కన్సల్టింగ్ సంస్థలో పనిచేశాను. ఆ తర్వాత నుంచి ఒక ఫైనాన్స్ కంపెనీ సొంత సెక్యూరిటీ టీమ్‌లో ఉన్నాను. అందుకే అందరికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

తేడా మన వైపు వాళ్లకి తొందరగా అర్థం కావాలంటే చెరువు గట్టు మీదికి రావాలి. ఆకివీడు దగ్గర మా బాబాయికి రొయ్యల చెరువులున్నాయి. కన్సల్టెంట్ గారు బండి మీద వస్తారు. చెక్ ట్రే పైకి లాగించి రొయ్య పేగు నిండుగా ఉందో లేదో చూస్తారు, సీసాలో నీళ్లు పట్టి పీహెచ్ చూస్తారు, ఏం వెయ్యాలో చీటీ రాసిచ్చి పక్క ఊరి చెరువుకి వెళ్లిపోతారు. ఆయన నెలలో చూసినన్ని చెరువులు బాబాయి జన్మలో చూడడు. కానీ తెల్లవారుజామున కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోతే, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయేలోపు జనరేటర్ దగ్గరికి పరిగెత్తేది బాబాయే. కన్సల్టింగ్‌లో మీరు బండి మీద తిరిగే మనిషి. సొంత టీమ్‌లో చెరువు మీది.

కన్సల్టింగ్‌లో పని ఎలా ఉంటుందంటే, క్లయింట్ల సిస్టమ్‌లలో లోపాలు వెతికి రిపోర్టు ఇవ్వాలి. మా దగ్గర ఒక వెబ్ అప్లికేషన్‌కి ఐదు నుంచి పది పనిదినాలు ఇచ్చేవారు. సోమవారం కిక్కాఫ్ కాల్. టెస్ట్ అకౌంట్లు బుధవారానికి గానీ చేతికి రావు, రిపోర్టు తేదీ మాత్రం జరగదు. ఈ వారం హాస్పిటల్ యాప్, వచ్చే వారం అప్పులిచ్చే కంపెనీ ఏపీఐలు, ఆ పై వారం ఎక్కడో ఫ్యాక్టరీ నెట్‌వర్క్. ఫిబ్రవరి, మార్చిల్లో ఆడిట్లు ముగించాలని క్లయింట్లందరూ ఒకేసారి మీద పడతారు. అప్పుడు శనివారాలు కూడా ఉండవు. ప్రాజెక్టు లేని వారాల్లో బెంచ్ టెన్షన్. ఇవన్నీ నిజమే, దాచక్కర్లేదు. మొదటి ఏడాదిలోనే ఇరవై ముప్పై రకాల సిస్టమ్‌లు లోపలి నుంచి చూస్తారన్నదీ నిజమే. ప్రతిచోటా సంతకం పెట్టిన అనుమతి పత్రం చేతిలో ఉంటుంది. కుర్రాళ్లు సరదాకి కాలేజీ వెబ్‌సైట్ మీద టూల్స్ తిప్పుతున్నారని వింటున్నాను. అనుమతి లేకుండా చేస్తే 2000 నాటి ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద కేసు అవ్వొచ్చు, దయచేసి మానండి.

అయితే నా దృష్టిలో తేల్చేది జీతం కాదు, తిరుగుడు కాదు, ఎన్ని టెక్నాలజీలు చూశామన్నది కూడా కాదు. మీరు రాసినదాన్ని దిద్దేవాళ్లు ఉన్నారా అన్నది.

నేను చేరిన మూడో నెల. ఒక బిల్లుల పోర్టల్ ఇచ్చారు. నా టెస్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, అడ్రస్ బార్‌లో బిల్లు నంబర్ చివర 41 ఉంటే 42 చేశాను. ఇంకొకరి బిల్లు తెరుచుకుంది: పేరు, ఇంటి నంబర్, ఫోన్, కట్టాల్సిన మొత్తం. గుండె దడదడలాడింది. సంబరంగా రెండు లైన్లు రాశాను: "ఐడార్ లోపం ఉంది. సర్వర్ వైపు ఆథరైజేషన్ చెక్ పెట్టాలి." ఐడార్ అంటే ఇలా నంబర్ మారిస్తే ఇంకొకరి వివరాలు తెరుచుకునే లోపం; ఆథరైజేషన్ చెక్ అంటే అడిగినవాళ్లకి అది చూసే హక్కుందో లేదో సరిచూడటం. తీవ్రత హై. మా సీనియర్ అరగంటలో తిప్పి పంపారు. నంబర్లు వరుసగా ఉన్నాయా? మొత్తం ఎంతమంది బిల్లులు అందుతాయి? ఎన్నిసార్లు అడిగినా సర్వర్ ఆపడం లేదా? మనం పంపే రిపోర్టు స్క్రీన్‌షాట్‌లో కస్టమర్ ఫోన్ నంబర్ కనిపిస్తోందేమిటి, ఎందుకు చెరపలేదు? ఆ ఒక్క పేజీ నాలుగుసార్లు తిరిగొచ్చింది. నాలుగోసారికి ఒకటిన్నర పేజీ అయింది.

తర్వాత క్లయింట్ కాల్‌లో వాళ్ల మేనేజర్ గారు ఆసాంతం విని, "సరేనండీ, పక్కవాడి బిల్లు కనపడింది. అయితే ఏంటండీ?" అన్నారు. సీనియర్ మాట్లాడలేదు, నన్నే చెప్పమన్నారు. చెప్పాను: "నంబర్లు వరుసగా ఉన్నాయి కాబట్టి చిన్న స్క్రిప్ట్ రాసిపెడితే అందరి వివరాలూ లాగెయ్యొచ్చు సార్. మర్నాడు ఎవడో మీ కస్టమర్‌కి ఫోన్ చేసి, పేరుపెట్టి పిలిచి, మీ బిల్లు ఇంత ఉంది, ఈ లింకులో కట్టండి అని సరిగ్గా పైసలతో సహా చెబితే నమ్మనివాళ్లు ఎవరు సార్?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయన మమ్మల్ని వదిలేసి వాళ్ల డెవలపర్‌ని అడిగారు: "ఎప్పటికి సరిచేస్తావు?"

ఆ "అయితే ఏంటండీ"కి జవాబు చెప్పడం నాకు టూల్స్ నేర్పలేదు. నాలుగుసార్లు తిరిగొచ్చిన ఆ పేజీ నేర్పింది. కన్సల్టింగ్ సంస్థ అమ్మేది రిపోర్టునే కాబట్టి, మంచి చోట దాన్ని దిద్దడానికి మనుషుల్ని పెడతారు. ఈ రంగంలో పేరున్న ఓఎస్‌సీపీ అనే సర్టిఫికెట్ పరీక్షలో కూడా 23 గంటల 45 నిమిషాలు మెషీన్లతో కుస్తీ పట్టాక, రిపోర్టుకి ఇంకో 24 గంటలు విడిగా ఇస్తారు. రిపోర్టు పంపకపోతే అంతకుముందు చేసినదంతా లెక్కలోకి రాదు.

సొంత టీమ్ సంగతి. కన్సల్టింగ్‌లో నన్ను బాగా బాధపెట్టింది ఒకటుంది. ఒక క్లయింట్ దగ్గరికి రెండో ఏడాది వెళ్తే, మొదటి ఏడాది రాసిన లోపాలు సగం అలాగే ఉన్నాయి. తేదీ మార్చి మళ్లీ రాశాను. సొంత టీమ్‌కి వచ్చాక గానీ ఎందుకలా ఉంటాయో తెలియలేదు. ఆ కోడ్ రాసినవాళ్లు వెళ్లిపోయి ఉంటారు, దాన్ని కదిపితే నెలాఖరు బిల్లింగ్ ఆగుతుంది, టెస్ట్ చెయ్యడానికి సర్వర్ ఉండదు. ఇక్కడ లోపం కనిపెట్టడం పనిలో చిన్న ముక్క. డెవలపర్ పక్కన కూర్చుని, అతని ఇబ్బంది విని, రిలీజ్‌లో పెట్టించడం పెద్ద ముక్క. పోయిన దసరా ముందు మేం మూయించిన ఒక రంధ్రం ఈ రోజుకీ మూసే ఉంది. ఆ తృప్తి వేరు.

బరువూ వేరే. 2021 డిసెంబర్‌లో, చాలా జావా సాఫ్ట్‌వేర్లలో వాడే లాగ్4జే లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు నేను కన్సల్టింగ్‌లో ఉన్నాను. క్లయింట్లకి ఎలా వెతకాలో రాసి పంపాం. అవతల సొంత టీమ్‌ల వాళ్లు మాత్రం ఆ లైబ్రరీ ఏ సర్వర్‌లో ఏ మూల ఉందో తవ్వుతూ రోజుల తరబడి నిద్ర మానేశారు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి లాంటి సంఘటన తెలిసిన ఆరు గంటల్లో వాళ్లకి రిపోర్టు చెయ్యాలి, లాగ్‌లు, అంటే సిస్టమ్‌లలో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు, 180 రోజులు భద్రపరచాలి. ఆ ఆరు గంటల గడియారం మన ఫోన్‌లోనే మోగుతుంది.

ఇంత మంచి పనే అయినా, మొదటి ఉద్యోగానికి మాత్రం కన్సల్టింగే మేలంటాను. ఎందుకంటే, నేను చూసిన సొంత టీమ్‌లు చాలావరకు చిన్నవి, ముగ్గురో నలుగురో. కొత్తగా చేరినవాళ్ల చేతిలో బయటి ఆడిటర్లు ఇచ్చిన లోపాల ఎక్సెల్ షీట్ పెట్టి, ఏది ఎంతవరకు వచ్చిందో అడుగుతూ ఉండమంటారు. ఎవరికీ తీరిక ఉండదు కాబట్టి దిద్దేవాళ్లు ఉండరు. రెండేళ్లు ఎక్సెల్ నింపిన పిల్లలు ఇంటర్వ్యూలో తడబడటం కళ్లారా చూశాను. మూడు నాలుగేళ్లు నాలుగు చెరువులు తిరిగి వచ్చాక ఒక చెరువు పట్టుకుంటే, దాన్ని కాపాడటం చేతనవుతుంది.

నేను చూసినంతలో జీతం తొలి రెండేళ్లు రెండింటికీ పెద్ద తేడా లేదు. ఊళ్లో ఉండి పనిచేద్దామనుకునేవాళ్లకి మాత్రం సొంత టీమే నయం. కన్సల్టింగ్‌లో ఆదివారం మధ్యాహ్నం "రేపు క్లయింట్ సైట్‌కి రావాలి" అంటారు, ఆ సాయంత్రమే నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి.

ఇంకో దారి ఎస్‌ఓసీ, అంటే సిస్టమ్‌లకి రాత్రింబవళ్లు కాపలా కాసే కేంద్రం. అక్కడ రాత్రి షిఫ్టులు, అలర్టులు. ఏదీ దొరక్కపోతే చేరండి, ఏడాదిన్నరకి మించి మొదటి మెట్టు మీద ఉండకండి. లోపం కనిపెట్టి చెబితే కంపెనీలు బహుమతి డబ్బు ఇచ్చే బగ్ బౌంటీ, ఉద్యోగంతో పాటు చేసుకునే పనే గానీ ఇల్లు గడిపే పని కాదు.

కన్సల్టింగ్ అన్నవన్నీ ఒకటి కావు. నాతో చదివినతను చేరిన చోట స్కానర్ తిప్పి, వచ్చిన పీడీఎఫ్‌కి లోగో అంటించి పంపేవారు. ఒకేసారి ఐదు ప్రాజెక్టులు ఒక్కడి నెత్తిన. అలాంటి చోటికంటే ఎక్సెల్ నింపడమే మేలు. ఇంటర్వ్యూలో చివర "మీకేమైనా ప్రశ్నలున్నాయా" అంటారుగా, అప్పుడు అడగండి: నా రిపోర్టు ఎవరు రివ్యూ చేస్తారు? ఒకేసారి ఎన్ని ప్రాజెక్టులిస్తారు? సరిచేశాక మళ్లీ చూడటానికి నన్నే పంపుతారా?

తణుకు అమ్మాయికి రెండు ఆఫర్లు ఉన్నాయి, హైదరాబాద్‌లో కన్సల్టింగ్ ఒకటి, విశాఖలో సొంత టీమ్ ఒకటి. విశాఖలో పదిహేను మంది టీమ్ అట, ఒకాయన ప్రత్యేకంగా కొత్తవాళ్లని చూసుకుంటారట. కన్సల్టింగ్ వాళ్లని రివ్యూ గురించి అడిగితే "అదంతా టూల్ చూసుకుంటుంది" అన్నారట. విశాఖ వెళ్లమ్మా అని చెప్పాను.