పదహారేళ్ల వాడకం తర్వాత: పాయింట్ 32 రివాల్వర్ తూటాలపై సమీక్ష

ఏనుమాముల మార్కెట్ దగ్గర పత్తి, మిర్చి అడ్తి నడుపుతూ సీజనులో నగదుతో రాత్రిపూట ఇంటికి చేరవలసి వచ్చేది కనుక 2008లో ఆత్మరక్షణ కోసం లైసెన్సు తీసుకున్నాను. అప్పటి నుంచి ఒకటే పాయింట్ 32 రివాల్వర్ వాడుతున్నాను. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఈ సమీక్ష అందులో పడే ఫ్యాక్టరీ తూటాల గురించి. ఇప్పటిదాకా 212 రౌండ్లు (తూటాలు), అన్నీ ఒకే ఫ్యాక్టరీవి, అనుమతి తీసుకుని ఫైరింగ్ రేంజిలోనే కాల్చాను. లెక్క ఇంత కచ్చితంగా ఉండడం నా గొప్పతనం కాదు. కొన్న ప్రతి రౌండు లైసెన్సు పుస్తకంలో ఎక్కుతుంది, కాల్చాక మిగిలే ఖాళీ కేసులు, అంటే తూటా ఇత్తడి తొడుగులు, దుకాణదారుడు అడిగి తీసుకుంటాడు.

ఆ 212లో 9 రౌండ్లు మొదటి దెబ్బకు పేలలేదు. పేలనప్పుడు మందు ఆలస్యంగా అంటుకునే ప్రమాదం ఉంటుంది కనుక గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగి, ఆ తర్వాతే సిలిండరు, అంటే తూటాలు పెట్టే తిరిగే భాగం, తెరవాలి. వాటిలో 6 రెండో దెబ్బకు పేలాయి. తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ల, అంటే ప్రైమరు, తన గుంటలో పూర్తిగా కూర్చోకపోతే మొదటి దెబ్బ బలమంతా దాన్ని లోపలికి నెట్టడానికే ఖర్చవుతుంది, రెండో దెబ్బకు గానీ నిప్పు రాదు. ప్రైమరును కొట్టే ఘోడా స్ప్రింగు సడలిందేమోనని, ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌కు చూపించాను, లోపం లేదన్నాడు. తర్వాత కొన్న పాతిక రౌండ్లు అదే రివాల్వర్‌లో ఒక్కటీ తప్పకుండా పేలాయి. అప్పటి నుంచి ప్రతి తూటా అడుగున బొటనవేలి గోరు ఆనించి చూస్తున్నాను. ప్రైమరు అంచు గోరుకు తగిలితే ఆ తూటాను పక్కన పెడతాను. అది ఎత్తుగా ఉంటే పేలకపోవడమే కాదు, వెనక పలకకు రాసుకుని సిలిండరు తిరగకుండా బిగుసుకుంటుంది కూడా.

పేలని తూటా కన్నా సగం పేలిన తూటా ఎంత ప్రమాదమో 2017లో తెలిసింది. నాలుగో రౌండుకు మామూలు పెటేలుమనే శబ్దానికి బదులు తడి టపాకాయలా 'టప్' మని వినిపించింది, చేతికి కుదుపు తెలియలేదు, సిలిండరు సందులోంచి పొగ మాత్రం వచ్చింది. నేను ఐదోది నొక్కబోతుండగా పక్కనున్న రిటైర్డ్ పోలీసు శిక్షకుడు "ఆగుండ్రి సేటూ! వేలు తియ్యుండ్రి!" అని అరిచాడు. సిలిండరు ఖాళీ చేసి, గొట్టం ముందు వైపు నుంచి పెన్సిలు దూర్చి చూస్తే అది సగంలోనే ఆగిపోయింది. గుండు గొట్టంలోనే ఇరుక్కుంది. కేసులో మందు దాదాపు లేకపోవడంతో ప్రైమరు బలానికే గుండు అంత దూరం కదిలింది. దాని వెనక ఇంకో గుండు పేలి ఉంటే గొట్టం ఉబ్బడమో పగలడమో జరిగేది.

ఆ తర్వాత, మందు తక్కువ పడ్డ తూటాలు తూకంలో దొరుకుతాయనుకుని బంగారు పని చేసే మిత్రుడి కాటా ఇంటికి తెప్పించి 40 తూటాలు తూచాను. శ్రమ వృథా అయింది. ఈ కొలతకు వాడుకలో ఉన్న గుండు 98 గ్రెయిన్లు, అంటే సుమారు 6.35 గ్రాములు, మందు మాత్రం సాధారణంగా గ్రాములో ఐదో వంతుకు మించదు. ఒక గుండుకూ ఇంకో గుండుకూ, ఒక కేసుకూ ఇంకో కేసుకూ మధ్య ఉండే బరువు తేడాయే అంత ఉండవచ్చు, కాబట్టి మందు లేని తూటా కూడా తూకంలో మామూలు తూటాలాగే కనిపించవచ్చు. ఈ పరీక్ష మందు పోసే యంత్రం దగ్గర, గుండు బిగించక ముందే జరగాలి. కొన్నవాడి చేతిలో లేదు.

నాలుగు కేసులు నోటి దగ్గర నిలువునా చీలాయి. వీటికి ఫ్యాక్టరీని పూర్తిగా తప్పు పట్టలేను. ఆ తూటాలు మూడేళ్లు యూరియా బస్తాలున్న గది పక్కన అల్మారాలో ఉన్నాయి. యూరియా నుంచి వచ్చే అమ్మోనియా ఇత్తడిని చీలుస్తుంది. బ్రిటిష్ హయాంలో ఇక్కడి గుర్రపుశాలల్లో దాచిన తూటాలు వానాకాలంలో పగిలేవి, అందుకు కారణం అమ్మోనియాయేనని 1921లో తేలింది. అయితే ఆ లోపానికి విరుగుడు కూడా అప్పుడే దొరికింది: కేసు సాగదీసిన తర్వాత తగినంత వేడి చేసి, లోహంలో మిగిలిన ఒత్తిడి తీసేయాలి. ఆ పని సరిగా జరిగి ఉంటే నా అల్మారా ఇంత చేటు చేసేది కాదేమో.

నా అసలు బాధ వేరే. నా లైసెన్సు ప్రకారం ఒకసారికి 25 రౌండ్లు మాత్రమే కొనగలను, పెట్టెలో 50 ఉంటాయి. దుకాణదారుడు పెట్టె విప్పి సగం కాగితంలో చుట్టి ఇస్తాడు. ఏ విడతలో తయారైందో చెప్పే లాటు నంబరు పెట్టె మీదే దుకాణంలో ఉండిపోతుంది. గుండు ఇరుక్కున్న సంగతి ఫ్యాక్టరీకి రాస్తే లాటు నంబరు తెలపమని ఒక లైను జవాబు వచ్చింది. దుకాణంలో అడిగితే ఆ పెట్టె ఎప్పుడో చెత్తలో పడిందన్నారు, "ఒకటి రెండు అట్లనే ఉంటయి సేటూ" అని సర్దిచెప్పారు.

పేలిన తూటాల గురి, మందు శుభ్రత బాగానే ఉన్నాయి, గొట్టంలో మసి తక్కువ. నాణ్యతకు ఐదులో మూడు ఇస్తాను, ఫిర్యాదు వినే పద్ధతికి ఒకటి కూడా ఇవ్వను. ఇప్పుడు దుకాణంలోనే పెట్టె మూత ఫోను కెమెరాతో ఫోటో తీసుకుని, ఆ నంబరు, తేదీ కాగితం మీద రాసి తూటాల పొట్లంలో పెట్టుకుంటున్నాను. మొదటిసారి అడిగినప్పుడు దుకాణదారుడు నన్ను వింతగా చూశాడు, ఇప్పుడు తానే మూత ముందుకు జరుపుతున్నాడు.