ఎస్సెరెనా, అవేరెనా? ఇటాలియన్ భూతకాలంలో సహాయక క్రియ

‘పస్సాతో ప్రోస్సిమో’ అనే భూతకాలానికి రెండు ముక్కలు కావాలి: సహాయక క్రియ, దాని వెనక భూత కృదంతం (‘ఫినీతో’ లాంటి, పని జరిగిపోయిందని చెప్పే క్రియారూపం). చిక్కంతా మొదటి ముక్కతోనే: అది ఎస్సెరె (‘ఉండు’) కావాలా, అవేరె (‘కలిగి ఉండు’) కావాలా? కింది ఉదాహరణల్లో ‘ఓ’ అవేరె రూపం; ‘ఎ’, ‘సోనో’, ‘సియామో’ ఎస్సెరె రూపాలు.

కర్మ ఉన్న క్రియకు అవేరె. ఇది తెలుగువాళ్లకు సులువే, ఎందుకంటే ఆ తేడా మన క్రియల్లోనే ఉంది. పని ముగించాను: ‘ఓ ఫినీతో ఇల్ లవోరో’, అవేరె. సినిమా ముగిసింది: ‘ఇల్ ఫిల్మ్ ఎ ఫినీతో’, ఎస్సెరె.

కర్మ లేకపోతే ఎస్సెరె అనుకోవద్దు, ‘నిద్రపోయాను’ కూడా ‘ఓ దోర్మీతో’యే. కదలికకు ఎస్సెరె అన్న సూత్రమూ సగమే నిజం. వెళ్లడం, రావడం, చేరడం ఎస్సెరెతో వస్తాయి. నడిచాను మాత్రం ‘ఓ కమ్మినాతో’, ప్రయాణించాను ‘ఓ వియజ్జాతో’. ఇవి బట్టీ పట్టాల్సిందే. ‘మి సోనో లవాతో’ (నన్ను నేను కడుక్కున్నాను) లాంటి ఆత్మార్థక క్రియలకు, అంటే పని కర్త మీదికే తిరిగొచ్చే వాటికి, ఎప్పుడూ ఎస్సెరెయే.

ఎస్సెరె వాడితే కృదంతం కర్తను బట్టి మారుతుంది: వెళ్లానని పురుషుడు ‘సోనో అందాతో’ అంటాడు, స్త్రీ ‘సోనో అందాతా’ అంటుంది, వెళ్లామంటే ‘సియామో అందాతి’, అందరూ స్త్రీలైతే ‘అందాతె’. ఎక్కువ తప్పులు ఇక్కడే. అవేరెతో కర్తను బట్టి మార్పుండదు.

‘పిజ్జా నాకు నచ్చింది’లో కర్త పిజ్జాయే. ఇటాలియన్‌లోనూ అంతే: ‘లా పిజ్జా మి ఎ పియచూతా’. చెప్పేది మగవాడైనా చివర ‘తా’యే.