తల్లీబిడ్డల రక్షణ కార్డు: టీకాల తేదీలకే కాదు, ఎదుగుదల చూసుకోవడానికీ

విజయనగరం జిల్లాలోని మా ఊళ్లో గర్భిణులకు ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డును చాలా ఇళ్లలో టీకాల తేదీల కోసమే దాచుకుంటారు. నా దృష్టిలో దాని అసలు విలువ ఎదుగుదల పటంలోనూ, ఏ వయసుకు బిడ్డ ఏం చేయగలుగుతుందో చెప్పే బొమ్మల్లోనూ ఉంది.

మా బాబు, మా ఆడపడుచు పాప దాదాపు ఒకే కాలంలో పుట్టారు. పాప పది నెలలకే అడుగులు వేసింది, బాబు మాత్రం ఏడాది నిండినా గోడ పట్టుకునే నిలబడేవాడు; వచ్చిన చుట్టాలందరూ ఇద్దరినీ పోల్చేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో పాటు ఘనా, నార్వే, ఒమన్, అమెరికా పిల్లలను గమనించి 2006లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, ఆసరా లేని నడక సుమారు 8 నెలలకు రావచ్చు, 17న్నర నెలలకూ రావచ్చు. ఆ పిల్లల్లో వందకు నలుగురు అసలు దోగాడకుండానే నడిచారు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచే మన పెద్దలు కూడా ఆ వేడుకలకు ముందుగా ముహూర్తం పెట్టలేదు కదా.

కార్డులోని ఎదుగుదల పటం, అంటే బరువు పటం, మరింత శ్రద్ధగా చూడవలసినది. బరువు తూచిన ప్రతిసారీ అందులో ఒక చుక్క పెడతారు; ఆ చుక్కలను కలిపితే బిడ్డ గీత అవుతుంది. మగపిల్లలకు, ఆడపిల్లలకు పటాలు వేరు కాబట్టి మా బాబు, పాపల చుక్కలను పక్కపక్కన పెట్టి చూడడమే సరికాదు. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ కొంత బరువు తగ్గి, సాధారణంగా రెండు వారాల్లోపు తిరిగి పుంజుకుంటుంది. అయిదారు నెలలకు పుట్టిన బరువుకు రెట్టింపు, ఏడాదికి సుమారు మూడు రెట్లు అవుతుంది. ఆ తరువాత పెరుగుదల వేగం సహజంగానే తగ్గుతుంది. మా అంగన్‌వాడీ కార్యకర్త గారు ఒక్క మాటలో తేల్చారు: "పక్కింటి పిల్లతో ఏటికమ్మా, పోయిన నెల చుక్కతో చూడండి." చిన్నగా పుట్టిన బిడ్డ గీత కిందుగానే ఉన్నా, అది పటంలో ముందే అచ్చువేసిన వంపు గీత వెంట పైకి సాగుతూ ఉంటే చాలావరకు ఊరటే; గీత అడ్డంగా సాగినా, కిందికి వంగినా ఆలస్యం చేయకూడదు.

లోపాలూ ఉన్నాయి. చుక్క పెట్టినంత మాత్రాన తల్లికి అర్థం కాదు, విడమరిచి చెప్పే తీరిక అన్ని కేంద్రాల్లోనూ దొరకదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ వయసును పుట్టిన తేదీ నుంచి కాక, కాన్పు కావలసిన తేదీ నుంచి లెక్కించాలన్న సంగతి, రెండేళ్ల వరకు ఎంతో ముఖ్యమైనదే అయినా, నాకు పిల్లల వైద్యురాలు చెబితేనే తెలిసింది.

తేడాలు సహజమని అన్నిటినీ వదిలేయమని కాదు. నాలుగు నెలలకు మెడ నిలబడకపోయినా, ఏడాదికి "అత్త", "తాత" వంటి శబ్దాలేవీ రాకపోయినా, 18 నెలలకు నడక రాకపోయినా, ముఖ్యంగా వచ్చిన మాటో నడకో పోయినా వెంటనే డాక్టరుకు చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే పిల్లల ఆరోగ్య ప్రభుత్వ పథకం కింద ఇలాంటి పరీక్షలు ఉచితం. బరువు తూయించిన ప్రతిసారీ చుక్క పెట్టించుకుని, పోయిన నెలకూ ఈ నెలకూ గీత ఎటు సాగిందో అక్కడే అడిగి తెలుసుకోండి.